రాజమౌళి అన్న మెడ తనిఖీ

మా పక్కింటి రాజమౌళి అన్న ఎవరు ఎదురుపడినా నమస్తే పెట్టడు. మెడ తడుముతాడు.

దవడ కింద రెండు వేళ్లు, చెవి వెనక రెండు వేళ్లు. ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాడు. తరువాత, "రైట్. బండి పోవచ్చు." కాజీపేటలో ముప్పై ఏళ్లు, ఆగిన రైలుపెట్టెల కిందికి వంగి, ఇరుసులు వేడెక్కాయేమోనని చేత్తో తాకి చూసిన మనిషి. రిటైరయ్యాక ఇరుసులు దొరక్క మా మీద పడ్డాడని కాలనీ అంతా అనుకునేది.

పాలు పోసే వలీ హెల్మెట్ తీసి మరీ నిలబడేవాడు. "జల్ది సూడు సాబ్, పాలు ఇరుగుతయ్!" ఒక పెళ్లిలో అన్న దండ పక్కకు జరిపి పెళ్లికొడుకు మెడ కూడా చూశాడు. "గిదేం పని బాపూ?" అని పెళ్లి చేయిస్తున్న అయ్యగారు కసిరితే, "నువ్వు సుత జర ముందుకు వంగు" అన్నాడు.

నాకు నవ్వే ఓపిక ఉండేది కాదు. కీళ్లవాతం. తెల్లారేసరికి వేళ్లు ముడుచుకున్న మొగ్గలు. మధ్యాహ్నానికి గానీ విచ్చుకోవు. డాక్టరు కొత్త మాత్రలు రాశారు. డబ్బాలోని కాగితం మడతలు విప్పితే దుప్పటంత అయింది. ఒంట్లోని రోగనిరోధక శక్తిని తగ్గించే మందట. అరుదుగా లింఫు గ్రంథుల క్యాన్సర్ రావచ్చట. డబ్బా మూసేశాను. వారం గడిచింది. జడ వేసుకోవడానికి కూడా చేతులు రాలేదు.

రాజమౌళి అన్న భార్య చిలుకమ్మ వదినె వచ్చి జడ అల్లింది. ఆమెకూ కీళ్లవాతమే.

"గా గోలీలే నేనూ ఏసుకుంటాన, సుకన్యా. మూడేండ్లాయె."

"కాగితం చదివినవా వదినె?"

"సదివి ఏడ్సిన. గోలీలు బంజేసిన. మీ అన్న నన్ను తీస్కపోయి డాక్టర్ ముంగట కూసోబెట్టిండు. గది శాన తక్కువ మందికే అయితదట. మెడల గడ్డ తగిలితే మాత్రం ఆగకుండ రమ్మన్నడు. ఇగ రోజూ నా మెడ సూసుడు, నాకు గుండె దడ! మళ్ల గోలీలు పారేస్తనన్న. తెల్లారి నుంచి కాలనీల అందరి మెడలు సూసుడు షురూ జేసిండు. అందర్ల నేనొకదాన్నైన. దడ పోయింది."

"నీ కోసమేనని చెప్పిండా?"

"లే. నాకు తెల్వదనే అనుకుంటాండు. నువ్వూ చెప్పకు, పాపం."

ఆ సాయంత్రం డాక్టరుకు ఫోన్ చేసి నా భయాలన్నీ అడిగాను. తరువాత మొదటి మాత్ర వేసుకున్నాను.

మర్నాడు గేటు దగ్గర మెడను నేనే పైకెత్తాను. రాజమౌళి అన్న కళ్లు మూసుకున్నాడు. ఎక్కువసేపే మూసుకుని, "రైట్. బండి పోవచ్చు" అన్నాడు.

వెనక నుంచి హారన్ మోగింది.

"జర జరుగు అమ్మా," అన్నాడు వలీ, హెల్మెట్ తీస్తూ. "నా వంతు!"