క్రీస్తుదాసు మాస్టారి జేడ్ బాతు

క్రీస్తుదాసు మాస్టారి చేతికి ఏ వస్తువు ఇచ్చినా అందులో పగులు వెతికిపెడతారు. అడగక్కర్లేదు. జేబులో భూతద్దం, చేతిలో రెండు సెల్లుల టార్చి. పట్టపగలు టీకొట్టులో కూడా టార్చే!

"అలీ సాహెబ్, ఈ గ్లాసు అంచున పెచ్చు లేచింది చూశావా?"

"టీ తాగండి మాస్టారూ! గ్లాసు కొంటారా ఏంటి?"

మా అమ్మాయికి సంబంధం చూద్దామని ఆయన్ని పెదకాకాని తీసుకెళ్ళడం నా బుద్ధితక్కువ. పెళ్ళికొడుకు నవ్వాడో లేదో, టార్చి వెలిగింది. "పేరయ్యగారూ, పైవరసలో మూడో పన్ను కట్టుడుదండీ!" ఆ సంబంధం అక్కడితో సరి.

గుంటూరు స్కూల్లో ఆయన సైన్సు, నేను తెలుగు. ఎప్పుడో ఒక డాక్టరు దొరసాని స్వదేశం వెళ్ళిపోతూ చైనాలో కొన్న రాతి కప్పని ఆయన చేతిలో పెట్టింది. అంతే, పట్టుకుంది పిచ్చి! సెలవులిస్తే చాలు, మద్రాసు పాత సామాన్ల అంగళ్ళే. చూస్తుండగానే పదకొండు చైనా బొమ్మలు పోగుచేశారు. వాటి బాగోగులు ఆయన చెప్తుంటే రిజిస్టరులో రాయడం నా వంతు.

"కప్ప. కుడికాలి వేలికి పెచ్చు. రాయండి. స్ఫటికం నస్యం బుడ్డి. మూత దీనిది కాదు. రాయండి."

చెంపకి ఆనించి చల్లదనం చూస్తారు. అడుగున చాకుమొనతో గీస్తారు, గీత పడితే నకిలీ రాయన్నమాట. వెనక నుంచి టార్చి వేస్తారు. పది బొమ్మలకీ పది లోపాలు దొరికాయి. జేడ్ అనే పచ్చరాతితో చేసిన బాతు దగ్గర మాత్రం మూడు రోజులు పట్టింది. మూడోరోజు వీధివీధంతా వినపడేలా కేక పెట్టారు.

"రాయండి పేరయ్యగారూ! లోపం లేదు! రెండు వందల ఏళ్ళ బాతండీ, వెంట్రుకవాసి పగులు లేదు!"

ఆ పూట అలీ సాహెబ్ గ్లాసుని చూడకుండానే టీ తాగేశారు.

ఆరేళ్ళు గడిచాయి. ఎనభై నాలుగు వేసవిలో, మాస్టారు బాతు గురించి రాసిన జాబుకి మద్రాసు నుంచి ఉత్తరం! అక్కడ పెద్ద ప్రదర్శన పెడుతున్నారట. చెక్కుచెదరని వస్తువులే తీసుకుంటారట. బాతుని చూసి తీసుకెళ్ళడానికి మనిషి వస్తున్నాడట. మాస్టారు ఆ ఉత్తరాన్ని ఊరంతటికీ చదివి వినిపించారు. నేను కొత్త చొక్కా కుట్టించుకున్నాను.

ఆ పెద్దమనిషి రానే వచ్చాడు, తెలుగాయనే. ముగ్గురం మాస్టారింట్లో అడుగుపెట్టేసరికి ఎలీసమ్మ నేలమీద కూలబడి ఏడుస్తోంది. మాస్టారికి వండిపెట్టేది ఆవిడే. సీజన్లో మిరపయార్డుకి కూలికి వెళ్తుంది. ఆవిడ ఒళ్ళో బాతు. చేతిలో బాతు ముక్కు!

"ప్రయాణం చేస్తదన్నారు గదా మాస్టారండీ! ఎండుకాయ తడపకుండా బస్తాకెత్తితే ఇరిగిపోద్ది. ఇది రెండొందల ఏళ్ళ నుంచి ఎండిందాయె! నాలుగు చెంబులు పోసి తడిపానండీ, జారి బండ మీద పడింది. ఇక మీకు మొకం చూపించలేను. పొదిలి, మా చెల్లి కాడికి పోతా."

మాస్టారు భూతద్దం తీశారు. టార్చి వేశారు. ముక్కుని బాతుకి ఆనించి చూశారు. చాలాసేపటికి తలెత్తారు.

"ఏడుపు ఆపు ఎలీసమ్మా. ఇది పాత అతుకు. నీళ్ళకి జిగురు వదిలింది. నువ్వు విరగ్గొట్టలేదు."

మద్రాసాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "అతుకా? లోపం లేదని రాశారే!"

"నాదే పొరపాటండీ. కనిపెట్టలేకపోయాను."

నాకు ఒళ్ళు మండింది. అద్దం లాక్కుని చూశాను. విరిగినచోట పటికబెల్లం పలుకులా తెల్లగా, తాజాగా ఉంది. జిగురూ లేదు, గిగురూ లేదు!

"మాస్టారూ, ఇందులో జిగురే..."

నా కాలు తొక్కారు. బూటుతో! "రిజిస్టరు తియ్యండి పేరయ్యగారూ. పాత అతుకు అని రాయండి."

రాశాను. ఆయన మీద ఎంత కోపం వచ్చిందో అంత ప్రేమా వచ్చింది. మద్రాసాయన ముసిముసిగా నవ్వుకుంటూ ఉత్తచేతులతో వెళ్ళిపోయాడు.

ఎలీసమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, నడుం మీద చెయ్యి పెట్టింది.

"అంటే, ఆరేళ్ళ నుంచి అతుకుల బాతుకా నాచేత కాపలా కాయించింది? దగ్గరికి రావద్దు, తుమ్మొద్దు అని చంపుకుతిన్నారే! అంత అద్దం పెట్టుకుని ఆమాత్రం కనపళ్ళేదాండీ?"

"కనపళ్ళేదమ్మా," అన్నారు మాస్టారు, బుద్ధిగా తల వంచుకుని.

"ఈసారి కొనేటప్పుడు నన్ను తీసుకెళ్ళండి. నేను చూస్తా!"