బూడిద అద్దిన వేళ్లు

వంటింట్లో నువ్వుల నూనె వాసన వస్తే నాకు గద్వాలలోని తిరుపతమ్మ అవ్వ గుర్తుకొస్తుంది. ఆ నూనె ఉన్నది ఒకప్పటి మందు సీసాలో. మా ఇంటి సీసాల్లో నేను తాగి ఖాళీ చేయనిది అదొక్కటే. మిగతావన్నీ నా పుణ్యమే. వాటిని కడిగి నా భార్య యాదమ్మ ఆముదమో తేనెనో పోసి పెట్టుకునేది.

తాగుడు మానిన రెండో నెలలో ఉప్పునుంతల నుంచి గద్వాలకు ఇల్లు మారాం. అక్కడ పోయించే దోస్తులు ఎక్కువ, ఇక్కడ మోటార్లు బాగుచేసే కొట్లో పని దొరికింది. ఇంటి యజమానురాలు తిరుపతమ్మ అవ్వ, డెబ్బై ఏళ్ల నేత మనిషి, బండిలోంచి వరుసగా దిగుతున్న సీసాలను చూసింది.

“ఇల్లు మారుతున్నవా బిడ్డా, దుకాణం పెడుతున్నవా?”

సిగ్గుపడుతూ ఉన్నదంతా చెప్పేశాను. “ఏ యాళకు గుంజుతది?” అని మాత్రం అడిగింది. పొద్దుగూకితే అన్నాను. లోపల యాదమ్మ ఒక మూటను విప్పకుండా తలుపు పక్కనే పెట్టింది. నేను మళ్లీ ముట్టిన రోజున ఆ మూటతో మల్దకల్‌లోని పుట్టింటికి పోతుందని అర్థమైంది. అడిగే ధైర్యం లేదు.

మర్నాడు పొద్దుగూకగానే అవ్వ పిలిచింది. మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోవస్తే నేతవాళ్లు మొత్తం తీసెయ్యరు. ఆ కొనలకే కొత్త పోగులను ఒక్కొక్కటిగా, జారకుండా బూడిద అద్దిన వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. నన్ను ఆ పనికి కూర్చోబెట్టింది.

“చేతులు వణుకుతున్నయి అవ్వా.”

“వణకనీ. పోగు దానంతట అదే మెలిపడ్తది.”

ఆ రోజు నేను అతికినవన్నీ ఊడిపోయాయి. తిట్టి ఉంటే అలిగి బజారుకు పోయేవాణ్ణి. మహాతల్లి ఆ వీలు కూడా ఇవ్వలేదు, మళ్లీ అతకమంది. ఆమె మగ్గం పని అయిపోతే వాడకట్టులో ఇంకో మగ్గం దగ్గరికి తీసుకుపోయేది.

నెల తర్వాత ఒక సాయంత్రం, అవ్వ ఇంట్లో పోగులు అతుకుతుంటే పాత దోస్తు అంజయ్య సీసాతో దిగాడు. “కొత్తిల్లు చేరినవ్, దావత్ ఏది?” అన్నాడు. నోరూరింది, అబద్ధమెందుకు. లేవబోయాను. ఎదురుగా మా గడపలో యాదమ్మ మూట మీద చెయ్యి వేసి నన్నే చూస్తోంది.

“లేస్తే పోగు జారుతది,” అంది అవ్వ. బూడిద గిన్నెను అంజయ్య వైపు తోసింది. “నువ్వు గీ పక్కన కూసో అయ్యా. జర పని అయినంక దావత్.”

ముసలామె మాట కాదనలేక కూర్చున్నాడు పాపం. పని తెమిలేసరికి బస్సు వేళయింది. “గిట్లాంటి దావత్ ఏడ సూడలే” అంటూ నడుం పట్టుకొని పరుగెత్తాడు. మరిచిపోయిన సీసాను అవ్వ మోరీలో వంపి, కడిగి యాదమ్మకిచ్చింది.

“సీసా మంచిగుంది. నూనె పోసుకో.”

మర్నాడు పొద్దున యాదమ్మ మూట విప్పింది. లోపల నా చొక్కాలు, నా లుంగీ, నా దువ్వెన. ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పడిపోయాయనుకొని నెలంతా రెండు చొక్కాలతో గడిపాను.

“ఇవన్నీ నావే గద?”

“మరి? నేనెందుకు పోత? పోతే నువ్వే పోదువు.”

ఇప్పుడు అవ్వ లేదు. ఆమె పోయిన రోజు మా అమ్మ కోసం ఏడ్చినట్టే ఏడ్చాను. మేము మళ్లీ ఇల్లు మారి వనపర్తికి వచ్చాం, సొంత కొట్టు పెట్టుకున్నాను. పొద్దుగూకితే ఇప్పటికీ నా బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రుద్దుకుంటాయి. పైసలు అడుగుతున్నానేమోనని కొట్టుకు వచ్చినవాళ్లు జేబులు తడుముకుంటారు. వద్దని తలూపుతాను. నోరు విప్పి చెప్పేంతలో పోగు జారుతుందేమోనని నా భయం.