కోటకు రిలీవర్ ఏంది మామా

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది, ప్రపంచంలో ఏదీ ఊరికే జరగదని. కరెంటు పోతే ఎవరో కావాలని తీయించారని, బస్సు ఆలస్యమైతే దాని వెనక ఎవరి స్వార్థమో ఉందని, మెస్సులో పప్పు పలచబడితే అది ఇంకెక్కడో చిక్కబడే ఉంటుందని (ఈ చివరిది మాత్రం తర్వాత నిజమని తేలింది). ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో కెమిస్ట్రీ డిగ్రీ, సంచిలో లావుపాటి ఇంగ్లీషు నవల. ఈ మూడూ ఒక్కచోట చేరితే మనిషికి ఎంత తెలివి పుట్టుకొస్తుందో అనుభవించినవాళ్ళకే తెలుసు. ఆ తెలివి చివరికి ఎవరికి తగిలిందో చెప్పాలని ఇన్నేళ్ళకు కూర్చున్నాను. నవ్వొచ్చినచోట మీరు నవ్వండి, నేనూ నవ్వుతాను. అన్నిచోట్లా మాత్రం నా వల్ల కాదు.

మాది ముదిగొండ దగ్గర పల్లె. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పాల్వంచ నుంచి మణుగూరు పోయే దారిలో అడవి అంచున ఉన్న ఒక చిన్న ఫ్యాక్టరీలో ల్యాబు ట్రైనీగా చేరాను. (పేరెందుకు లెండి, ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు లేదు కూడా.) నా ఉద్యోగమల్లా బాయిలరు నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి, పరీక్ష చేసి, వచ్చిన అంకెలు రిజిస్టరులో ఎక్కించడం. పాల్వంచలో కిరాయి గది. పొద్దున ఆరు గంటల షిఫ్టుకు పోయి మధ్యాహ్నం రెండింటికి కంపెనీ బస్సు ఎక్కితే గది చేరడానికి గంట పట్టేది. కిటికీలోంచి చూస్తే టేకుచెట్లు, లోపల చూస్తే చెమట వాసన, కునికిపాట్లు. ఆ గంట గడవడం కోసం మొదలైందే ఇదంతా.

నవల ఖమ్మం బస్టాండు ముందర పాత పుస్తకాల బండి మీద దొరికింది. రెండు సంపుటాలు, ఒక్కొక్కటీ ఇటుకంత. ముప్పైమంది రాజులు, ఆ ముప్పైమందికీ బావమరుదులు, రెక్కల గుర్రాలు, అబద్ధం చెప్తే కూలిపోయే వంతెన, నది మధ్యన నల్లరాతి కోట. మొత్తం ఎన్ని సంపుటాలని అడిగితే, అంతా కాగితమే సార్, ఎంత కావాలంటే అంత ఉంటది అన్నాడు బండివాడు. ఒకరోజు బస్సులో పక్కనున్నవాళ్ళు, పుస్తకం చూసి పగలబడి నవ్వుతున్నావు, అందులో ఏముందో మాకూ చెప్పమన్నారు. చెప్పాను. ఇక అంతే, రోజుకో భాగం. పేర్లు వాళ్ళ నోళ్ళు తిరగవని (నిజానికి నా నోరే తిరగక) పెద్దరాజు, చిన్నరాణి, మెల్లకన్ను మంత్రి అని మార్చేశాను. నెల తిరిగేసరికి మా బస్సులో పుట్టినన్ని సిద్ధాంతాలు ఆ నవల రాసినాయనకు కూడా తట్టి ఉండవు.

ఎవరి సిద్ధాంతం వాళ్ళ వృత్తిలోంచి వచ్చేది. యూనియన్ లీడరు ఒకాయన ఉండేవాడు, అందరూ జిందాబాద్ అన్న అనేవాళ్ళు. కుట్రలన్నీ పెద్దరాజువేనని ఆయన వాదన. పాత సైనికులను వదిలించుకుని కాంట్రాక్టు మీద కొత్తవాళ్ళను పెట్టుకోవడానికి మేనేజ్‌మెంటే యుద్ధం తెచ్చిందట. క్యాంటీన్ అక్క అది ఒప్పుకునేది కాదు. చిన్నరాణి పెళ్ళిలో ఆడబిడ్డను మొదటి పంక్తిలో కూర్చోబెట్టలేదు, రాజ్యాలు మండింది అందుకే, మగవాళ్ళకు ఇలాంటివి అర్థం కావు అని తేల్చేసేది. డ్రైవరు మాత్రం అద్దంలోంచి చూస్తూ, యువరాజును చంపింది ఎవరో గుర్రానికి తెలుసు, అది సకిలించలేదంటే వచ్చినవాడు రోజూ దాణా పెట్టేవాడే అన్నాడు. (ఇది విని నేను రెండు రోజులు అసూయతో సరిగ్గా తినలేదు.) అందరి వాదాలూ విని, చివర్లో గొంతు సవరించుకుని తీర్పు చెప్పడం నా వంతు. నాకు కుట్ర సారు అని పేరు పెట్టారు. పేరు పెడితే సిగ్గుపడాలి కదా, నేను కాలర్ ఎగరేశాను.

నా పక్క సీటు మామది. యాభై దాటిన మనిషి, బాయిలర్ అటెండెంటు. పాతికేళ్ళుగా బాయిలరులో నీటి మట్టం చూపించే గాజుగొట్టం వంక చూసీ చూసీ, మనిషితో మాట్లాడేటప్పుడు కూడా తల కొంచెం పక్కకు వంచి మొహంలో మట్టం చూసేవాడు. ఫ్యాక్టరీకి, పాల్వంచకు మధ్యలో ఒక మలుపు దగ్గర దిగి, అడవిలోపలి పల్లెకు నడిచిపోయేవాడు. నన్ను అల్లుడా అనేవాడు, నేను మామా అనేవాణ్ని. మామకు కుట్రలు పట్టవు. ఆయన అనుమానాలన్నీ వేరే. పదివేలమంది సైన్యం నది దాటిందని నేను ఊపుగా చెప్తుంటే, మెల్లగా మోచేత్తో పొడిచి, "పదివేల మందికి అన్నం ఎవరు వండిండ్రు అల్లుడా? కట్టెలు ఏడికెల్లి తెచ్చిండ్రు?" అనేవాడు. అది పుస్తకంలో రాయలేదు మామా అంటే, రాయకపోతే వాళ్ళు పస్తున్నరా అని అడిగేవాడు. ఈయనకు కథ వినడం రాదని నేను జాలిపడేవాణ్ని.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. మామ బాయిలర్ మనిషి అన్నాను గానీ, నేను చేరేనాటికి ఆయన బాయిలరు దగ్గర లేడు. బొగ్గు యార్డులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నేను రోజూ బాయిలరు హౌసుకు నీళ్ళ సీసాతో పోయేవాణ్నే, అక్కడ వేరే మనిషి ఉండేవాడు. ముప్పైమంది రాజుల మనసుల్లో ఏముందో చెప్పగలిగిన నాకు, పక్కసీటు మనిషి పాతికేళ్ళ పని వదిలి బొగ్గు దగ్గర ఎందుకు కూర్చున్నాడన్న అనుమానం ఒక్కసారీ రాలేదు. వస్తే అడిగేవాణ్ని, అడిగితే ఈ కథే ఉండేది కాదు.

రెండో సంపుటం చివర నల్లరాతి కోట పడిపోతుంది. ఉత్తరపు తలుపుకు గడియ వేయలేదు, కాపలావాడు గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు, శత్రువులు నడుచుకుంటూ లోపలికి వచ్చారు. పుస్తకం అక్కడితో ఆగిపోతుంది. ఇంతకంటే మంచి అవకాశం కుట్ర సారుకు మళ్ళీ దొరుకుతుందా? ఆ రోజు బస్సులో సీటు పట్టుకుని లేచి నిలబడి చెప్పాను. కాపలావాడు అసలు నిద్రే పోలేదు, నటించాడు. నిప్పు లేందే పొగ రాదు. (బాయిలరు పనివాడి పక్కన నిలబడి ఈ సామెత చెప్పిన ఘనత నాదే.) ఇరవై ఏళ్ళుగా ఒక్కరోజూ కునుకు తీయనివాడికి సరిగ్గా ఆనాడే నిద్ర ఎందుకు పట్టింది? పట్టుబడ్డ ప్రతివాడూ మొదట చెప్పేది నిద్రపట్టిందనే. అలా చెప్తే నమ్మడానికి ఎవరి చెవిలోనూ పూలు లేవు. బస్సంతా ఈలలు. డ్రైవరు హారన్ కొట్టాడు. అంత గోలలో మామ తల పక్కకు వంచి నా వంక చూశాడు.

"ఆనికి రిలీవర్ వచ్చిండా, రాలేదా?" అన్నాడు.

షిఫ్టు పనిలో రిలీవర్ అంటే మన తర్వాత డ్యూటీకి వచ్చి మనల్ని విడిపించేవాడు. వాడు రాకపోతే మనం కదలకూడదు. ఈ మాట ఆ బస్సులో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ నల్లరాతి కోటలో రిలీవర్ అనేసరికి నాకు ఆగని నవ్వొచ్చింది.

"కోటకు రిలీవర్ ఏంది మామా? టైం ఆఫీసుల కార్డు గుద్ది వస్తడా?" అన్నాను.

బస్సు ఘొల్లుమంది. నవ్వినవాళ్ళలో సగం మంది సగంలో ఆపేశారని ఇప్పుడు గుర్తొస్తుంది. అప్పుడు నాకు నా నవ్వే వినబడింది. మామ కూడా కొద్దిగా నవ్వి, తన మలుపు దగ్గర దిగిపోయాడు.

మర్నాడు టీ పోస్తూ క్యాంటీన్ అక్క సంగతి చెప్పింది, కోపంగా కాదు, ఇంత చదువుకున్నవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టు. నేను చేరడానికి నెల ముందు మామ రాత్రి షిఫ్టు ముగించి దిగబోతే పొద్దటి షిఫ్టు రిలీవరు రాలేదు. మధిర దగ్గర ఏదో పెళ్ళికి పోయాడట. బాయిలరును వదిలి పోకూడదు, ఇంకో షిఫ్టు కూడా నువ్వే చెయ్యమన్నారు. పగలు పదకొండింటికి, అంటే పదమూడో గంటలో, మామకు కన్ను మూతబడింది. అదే సమయానికి నీళ్ళ పంపు ఆగిపోయింది. కళ్ళు తెరిచేసరికి గాజుగొట్టంలో నీళ్ళు లేవు, లోపలి గొట్టాలు ఉబ్బిపోయాయి, ఫ్యాక్టరీ వారం మూతపడింది. మామకు మెమో ఇచ్చారు. ఎంక్వయిరీ ఎల్లుండే. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆ రోజు తేలుతుంది.

ఆ మధ్యాహ్నం బస్సులో మామ నా పక్కనే కూర్చున్నాడు. ఆయన మలుపు దాకా అరగంట ప్రయాణం. మామా, నేనన్నది పుస్తకం గురించి, మనసులో పెట్టుకోకు అని ఒక్క మాట అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. అంటే నాకు విషయం తెలిసిపోయిందని ఆయన చిన్నబోతాడేమో అనుకున్నాను. (ఇది నేను నాకు చెప్పుకున్న కారణం. అసలు కారణం, క్షమించమని అడగడం నాకు అలవాటు లేకపోవడం.) దానికి బదులు మెల్లకన్ను మంత్రి గురించి కొత్త సిద్ధాంతం ఒకటి ఎత్తుకున్నాను. మామ కిటికీలోంచి టేకుచెట్లు చూస్తూ కూర్చున్నాడు. కట్టెల సంగతి కూడా అడగలేదు.

ఎంక్వయిరీలో ఏం జరిగిందో జిందాబాద్ అన్న బస్సులో చెప్పాడు, చెప్పాడనడం కంటే తిట్టాడనడం సరైన మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పమని మామకు పదిసార్లు నేర్పించాడట. డబుల్ డ్యూటీ చేయించిన సంగతి రిజిస్టరులోనే ఉంది, ఎంక్వయిరీకి వచ్చిన పెద్దమనిషి కూడా ఈ తప్పు కంపెనీదేనని మెత్తబడి ఉన్నాడు, ఒక హెచ్చరిక కాగితం ఇచ్చి మళ్ళీ బాయిలరు మీదకు పంపేవాళ్ళు. తీరా లోపలికి పోయి మామ నేను నిద్రపోలేదు అన్నాడట. నేనంటే గిట్టనివాళ్ళు ఎవరో నీళ్ళ వాల్వు మూసిండ్రు అన్నాడట. ఎవరు మూశారంటే తడబడి, ఆ రోజు రాని రిలీవరు పేరు చెప్పాడట. ఆ రిలీవరు పెళ్ళిలో వడ్డన చేస్తుంటే చూసినవాళ్ళు వందమంది. వాల్వు తెరిచే ఉందని ఇంజనీర్లు కాగితం చూపించారు. పాతికేళ్ళలో ఒక్క అబద్ధం ఆడనివాడు మొదటిసారి ఆడితే ఇలాగే ఉంటుంది. ఉద్యోగం నుంచి తీసేశారు. "నిద్రపట్టింది సార్ అని ఒక్క మాట అంటే అయిపోతుండె. ఈ కుట్ర గిట్ర ముచ్చట ఆయనకు ఎవరు చెప్పిండ్రు?" అని అన్న బస్సంతా కలియజూశాడు. ఎవరూ నా వంక చూడలేదు. అందరూ కిటికీల్లోంచి బయటికి చూశారు. ఎవరైనా ఒకరు చూసి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండు ఆదివారాలు ధైర్యం కూడగట్టుకుని మూడో ఆదివారం మామ ఇంటికి పోయాను. వాకిట్లో ఇప్పపూలు ఆరబోసి ఉన్నాయి. మామ వాటిని చేత్తో కలబెడుతూ, నన్ను చూసి మంచం వాల్చాడు. తిడతాడని సిద్ధమై పోయాను. తిట్టి ఉంటే, తప్పు నాది మామా అని చెప్పి వచ్చేసేవాణ్ని. అత్తమ్మ మంచినీళ్ళు ఇచ్చింది, బస్సు దొరికిందా అని అడిగింది. చివరికి నేనే, ఎంక్వయిరీలో ఎందుకట్లా చెప్పావు మామా, ఉన్నది చెప్పి ఉంటే సరిపోయేది కదా అన్నాను. మామ ఇప్పపూలు కలబెట్టడం ఆపలేదు.

"నిద్ర అంటే ఎవ్వరు నమ్మరంటివి గద అల్లుడా. చదువుకున్నోనివి. నిజమేననుకున్న," అన్నాడు.

ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. అదే నన్ను చంపింది. ఇంత ఓపిగ్గా, ఇంత శ్రద్ధగా నా సిద్ధాంతం విన్నవాడు ఆ బస్సులో మామ ఒక్కడే. మిగతావాళ్ళంతా కాలక్షేపానికి విన్నారు. మామ నమ్మాడు. నేను మంచం పట్టె గీకుతూ కూర్చున్నాను. తప్పు నాది అన్న మాట అప్పుడు కూడా బయటికి రాలేదు. కాసేపటికి మామే అడిగాడు, ఆ కోట తలుపు కాడి మనిషి ఏమయ్యాడని. మూడో సంపుటం నా దగ్గర లేదు. ఖమ్మం బండి మీద కూడా లేదు.

"మూడోది సదివిన మామా," అన్నాను. "రిలీవర్ రాలేదంట. రెండు దినాల సంది ఒక్కడే నిలబడ్డడంట. రాజు ఇచారణ చేసి ఇడిసిపెట్టిండంట."

మామ తల పక్కకు వంచి నా మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"అబద్ధం ఆడుడు నీకు గూడ రాదు," అని నవ్వాడు. లోపలికి కేకేసి, అల్లునికి అన్నం పెట్టమన్నాడు. నేను తిన్నాను. సిగ్గులేకుండా మారు వడ్డించుకుని తిన్నాను.

మామ ఆ తర్వాత ఇంటి దగ్గరే మొక్కజొన్న, మిర్చి వేసుకున్నాడు. పంట బాగానే పండిందని, మామ మనసే బాయిలరు మీంచి మళ్ళలేదని అత్తమ్మ ఒకసారి చెప్పింది. ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలు ఫోన్లలో ఆ నవల గురించే వాదించుకుంటారు. ఎవడు ద్రోహి, ఎవడిది ఏ పన్నాగం అని గంటలు గంటలు చెప్పుకుంటారు. సంపుటాలన్నీ వచ్చేశాయట, వేలితో ఒక్కసారి నొక్కితే మూడోది వచ్చి ఒళ్ళో పడుతుంది. ఉత్తరపు తలుపు కాపలావాడి సంగతి అందులో ఉందని ఒకడు చెప్పబోతే, పనుందని లేచి వచ్చేశాను. ఒకప్పుడు, కాపలావాడు నిద్ర నటించాడన్న నా సిద్ధాంతమే నిజమని తేలితే చాలనుకుని నిద్రపోయేవాణ్ని. ఇప్పుడు అది నిజంగానే నిజమైతే ఎలాగన్న భయంతో, ఈ వయసు వచ్చినా ఆ పుస్తకం కొనలేదు.