మైకులో చెప్పిన గొళ్లెం

దొంగకు తెలియక దారి చూపించినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. దారి చూపించి, ఇంట్లో ఉండని రోజులు చెప్పి, ఏ తలుపు లాగితే ఊడి వస్తుందో కూడా మైకులో వినిపించినవాణ్ణి మాత్రం బహుశా నేనొక్కణ్ణే. అదీ చర్చిలో, కళ్లు మూసుకుని, చేతులు జోడించి మరీ.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. చర్లలో నాకొక టైలరు దుకాణం ఉండేది. ఒకే పొడుగు గది. ముందు సగంలో మిషను, వెనక సగంలో కాపురం, మధ్యన నా భార్య పాత చీర తెర. ముందు తలుపుకు ఇత్తడి తాళం. అరచేయంత ఉండేది. దాన్ని చూస్తే నాకే భయం వేసేది. వెనక తలుపుకు మాత్రం ఒక గొళ్లెం. దాని మేకులు వదులై, గాలి వీస్తే తాళం వేసినట్టు టకటకా కొట్టుకునేది. చర్చిలో నేను పాడేటప్పుడు వేసే తాళం కన్నా అదే కాస్త నయమని నా భార్య అనేది. బాగుచేయించమని ఏడాదిగా చెబుతోంది. ఊరందరి బట్టలూ వేళకు కుట్టి ఇచ్చే నాకు నాలుగు మేకులు కొట్టడానికి వేళ దొరకలేదు.

ఈస్టరు ముందు మాకు చేతినిండా పని. గుడ్ ఫ్రైడేకు సంఘంలో మగవాళ్లందరికీ తెల్లచొక్కా ఉండాలి. ఆ ఏడు పదిహేను చొక్కాలు ముందే కుట్టి ఇస్త్రీ చేసి పెట్టాను. వాటితో పాటు మా సంఘ పెద్దగారికి ఈస్టరు కోసం సిమెంటు రంగు ప్యాంటు ఒకటి. ఆయన మనసు పెద్దది, నడుము ఇంకా పెద్దది. నా టేపు ఆయన చుట్టూ తిరిగి వచ్చేసరికి అలిసిపోయేది.

సరిగ్గా ఆ వారమే ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో, నా మరదలి కొత్త ఇంటి ప్రతిష్ఠ. ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం ఆరాధన అయ్యాక బయలుదేరి మంగళవారం తిరిగి రావాలి. ఆ ఉదయం పాస్టరుగారు, ప్రార్థన మనవులు ఉన్నవాళ్లు లేచి చెప్పండి అన్నారు. ఒకామె కాలినొప్పి గురించి చెప్పింది. ఒకతను ఆవు గురించి చెప్పాడు. నాకూ ఏదో ఒకటి చెప్పాలనిపించింది. లేచి మైకు అందుకున్నాను. మేము రెండు రోజులు ఊళ్లో ఉండమని, మీ అందరి బట్టలూ దుకాణంలోనే ఉన్నాయని, వెనక తలుపు గొళ్లెం ఊగుతోందని, దానికి ప్రభువే కావలి ఉండేటట్టు ప్రార్థించమని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. మా చర్చి మైకు గొట్టం కప్పు మీద, బస్టాండు వైపు తిప్పి ఉంటుంది. వాక్యం పదిమందికీ వినబడాలని. ఆ రోజు వాక్యంతో పాటు నా గొళ్లెం కూడా వినబడింది.

బస్సెక్కాం. భద్రాచలం దాటాక నా భార్య మెల్లగా అంది.

"దేవునికి చెవుడున్నదా ఏందయ్యా? మోకాళ్ల మీద మెల్లగ చెప్తే ఇనడా?"

నాకు అప్పటికీ వెలగలేదు. ఆమె విశ్వాసం కొంచెం తక్కువని మనసులో జాలిపడ్డాను.

ఖానాపురం హవేలిలో మా తోడల్లుడు ఇల్లు చూపించాడు. చూపించాడు అనడం కన్నా తెరిచి చూపించాడు అనాలి. గేటుకో తాళం, వరండా గ్రిల్లుకో తాళం, తలుపుకు లోపలొకటి బయటొకటి, కిటికీలకు ఊచలు, ఊచలకు జాలీ. స్నానాలగదికి వెళ్లాలన్నా తాళంచెవుల గుత్తి వెంట ఉండాలి. అతనిది జీతం ఉద్యోగం, అంతా లెక్క ప్రకారం ఉంటుంది. గుత్తి నా ముందు ఆడిస్తూ, "నీకేం భయం లేదులే అన్నా, నీ దుకాణంల దొంగ వస్తె ఏం దొరుకుతది, ఎంటికంత దారం తప్ప" అన్నాడు. నేనూ నవ్వాను. మేము నవ్వుతున్న ఆ సోమవారం నాడే నా దుకాణంలో పని జరిగిపోయిందని తర్వాత తెలిసింది.

మంగళవారం సాయంత్రం దిగి చూస్తే ముందు తాళం ఎక్కడిదక్కడ ఉంది. పాపం, దాని డ్యూటీ అది చేసింది. లోపల బట్టల బల్ల ఖాళీగా ఉంది. పదిహేను చొక్కాలూ లేవు, సిమెంటు రంగు ప్యాంటూ లేదు. అరుగు మీద పరిచే నీలిగళ్ల దుప్పటి కూడా లేదు. వాటిని అందులోనే మూట కట్టినట్టున్నారు. గొళ్లెం నేల మీద పడుకుని ఉంది, మేకులతో సహా. గుండీలు కుట్టేవాణ్ణి, గుండె ఆగినంత పనయింది.

మిగిలింది మూడు రోజులు. పదిహేను చొక్కాలు మళ్లీ కుట్టాలంటే బట్ట ఎక్కడిది? అంతకన్నా, శుక్రవారం పదిహేనుమంది రంగు చొక్కాల్లో వచ్చి వరసగా కూర్చుంటే నేను ఏ మొహంతో లోపలికి పోవాలి? టైలరుకు ఊళ్లో ఉండేది ఒక్కటే: బట్ట ఇస్తే బట్టే తిరిగి వస్తుందన్న నమ్మకం. అది ఒకసారి చిరిగితే అతుకు పడదు. పోలీసు స్టేషనుకు వెళదామా అనుకున్నాను. దొంగకు ఎలా తెలిసిందని అడిగితే, నేనే మైకులో చెప్పానని చెప్పాలి. ఆగిపోయాను. కుట్టడమే తప్ప కుట్ర తెలియనివాణ్ణని నా భార్యతో అంటే, "అవ్, తెలివి కూడ తెల్వదు" అని మిషను దగ్గరి దీపం తుడవడం మొదలుపెట్టింది. ఉన్న పాత తెల్ల దుప్పట్లు విప్పి కత్తిరిద్దామని ఆమె ఆలోచన.

బుధవారం పొద్దున్నే అవ్వ వచ్చింది. అవ్వది అడవిలోపలి ఊరు. సంత రోజున ఇప్పపువ్వు, చింతపండు తెచ్చి మా అరుగు మీదే కూర్చుని అమ్ముకునేది. ఆ రోజు సంత కాదు. నెత్తిన గంప ఉంది. గంపలో, ఇప్పాకుల కింద, నీలిగళ్ల మూట.

జరిగింది ఇది. ఇప్పపువ్వు రాలే కాలంలో అడవిలో ఏ చెట్టు ఎవరిదో ఊరికి తెలుసు. తెల్లారకముందే ఎవరి చెట్టు కింద వాళ్లు ఆకులు ఊడ్చి, కుప్ప చేసి కాలుస్తారు, రాలిన పువ్వు శుభ్రంగా ఏరుకోవడానికి. దొంగ మహాశయుడికి అది తెలియదు. గోల సద్దుమణిగేదాకా మూటను దారి పక్కన ఒక ఇప్పచెట్టు కింద ఎండాకుల్లో కప్పిపెట్టాడు. అది అవ్వ చెట్టు. ఊడుస్తుంటే చీపురుకు తగిలింది. అగ్గిపుల్ల గీసే ముందే తగలడం మా సంఘం అదృష్టం.

"నీ అరుగు మీద దినాం నేను కూసునే దుప్పటి కాదు ఇది? నేను గుర్తుపట్టనా?" అంది అవ్వ. తర్వాత మా వెనక తలుపు వైపు చూసి, వాళ్ల ఊళ్లో గుమ్మానికి తడిక అడ్డం పెడతారని, అదీ కుక్కలు, మేకలు రాకుండా ఉండటానికే అని చెప్పింది. "తాళం ఏం జేస్తది కొడకా. మనిషి కూసోవాలె."

లెక్క చూసుకుంటే చొక్కాలు పదిహేనూ ఉన్నాయి. పొగవాసన, ఇప్పపువ్వు వాసన కలిసి పట్టాయి. ప్యాంటు మాత్రం లేదు. రెండు రోజులు ఉతికి ఇస్త్రీ చేశాం. శుక్రవారం చర్చి అంతా తెల్లగా మెరిసింది, సన్నగా ఇప్పపువ్వు వాసన వేసింది. నేను వెనక వరసలో కూర్చున్నాను, హాయిగా. సంఘ పెద్దగారికి నిజం చెప్పి, నా పెళ్లినాడు కోటుకని కొని కుట్టకుండానే దాచుకున్న బట్టతో ఇంకో ప్యాంటు కుట్టి ఇచ్చాను. ఆయన నడుముకు అది బొటాబొటిగా సరిపోయింది.

ఆ వారమే గొళ్లెం తీయించి అడ్డగడియ పెట్టించాను. అసలు కావలి మాత్రం అవ్వ మాటే. మా వెనక వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోసుకోమని అవ్వను అడిగాను. మేకలు రాకుండా అవ్వో, వాళ్ల ఊరివాళ్లో ఎవరో ఒకరు రోజంతా అక్కడే కర్ర పట్టుకుని కూర్చునేవారు. పువ్వుల కాలం పోతే చింతపండు, అదీ పోతే ఊరికే కబుర్లు. మేము ఊరెళ్లినా వాకిలి ఖాళీగా ఉండేది కాదు. మా ప్రయాణాల సంగతి అవ్వకు తప్ప ఇంకెవరికీ చెప్పవద్దని ఇంట్లో చట్టం వచ్చింది. చట్టం చేసింది ఎవరో చెప్పనక్కర్లేదు.

తొలకరి పడ్డాక ఒక మధ్యాహ్నం ఒకతను ప్యాంటు పట్టుకుని వచ్చాడు. మా సందులోనే కిరాయికి ఉండేవాడు. పగలంతా బస్టాండు టీకొట్టు బెంచీ మీద, మా మైకు గొట్టానికి ఎదురుగా ఉండేవాడు. సన్నగా రెల్లుపుల్లలా ఉంటాడు. నడుము తగ్గించాలన్నాడు. ఎంత తగ్గించాలంటే, సగం.

సిమెంటు రంగు. నడుంపట్టీ తిప్పి చూశాను. బూడిదరంగు దారం అయిపోయి నేను లోపలివైపు వేసిన నీలం కుట్టు అక్కడే ఉంది. నా కుట్టు నాకు తెలియదా? వానలు పడేసరికి నేను మరిచిపోయి ఉంటాననుకున్నాడు కాబోలు. తెరవెనక నా భార్య కూడా చూసింది. కత్తెర చప్పుడు ఆగిపోయింది.

పోయినవి వచ్చాయి, పెద్దగారికి ప్యాంటు అందింది, పైగా అతనికి చిరునామా చెప్పింది నేనే. ఎల్లుండి రమ్మన్నాను. నడుము చక్కగా తగ్గించాను, వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాత రెండు జేబుల అడుగునా ఉన్న పక్కా కుట్టు విప్పేసి, పైకి తెలియకుండా కచ్చా కుట్టు వేశాను. రెండు మూడు రోజులు ఆగే కుట్టు.

ప్యాంటు తీసుకెళ్లిన నాలుగో రోజు మధ్యాహ్నం అదే ప్యాంటులో, చెమటతో వచ్చి నిలబడ్డాడు.

"అన్నా, సుత్తి గిట్ల ఉన్నదా? తాళంచెవి ఏడనో పడ్డది. నా రూముకు నేనే పోలేకుండ అయిన."

నేను సూదిలో దారం ఎక్కిస్తూనే అన్నాను.

"తాళం ఎందుకు పలగ్గొడతవ్ తమ్మీ. ఎనక తలుపు గొళ్లెం ఊగుతదేమో సూడరాదు?"

అతను నావైపు చూశాడు. తర్వాత వంగి ప్యాంటు వైపు చూసుకున్నాడు. తెరవెనక నా భార్యకు దగ్గు వచ్చింది, చాలాసేపు తగ్గలేదు.

సుత్తి ఇచ్చాను. సాయంత్రం తెచ్చాడు. ముందు గుమ్మం నుంచే లోపలికి వచ్చి, మిషను పక్కన పెట్టి వెళ్లిపోయాడు.