కిటికీ బయట బ్యాగు

ఆ రోజు చింతామణిలో బస్సెక్కినప్పుడు నా ఒళ్లో నేను కుట్టిన బ్యాగుంది. సైకిల్ తొక్కేవాళ్లు వీపుకు తగిలించుకునేది. మామూలుగా పలచగా ఉంటుంది, చుట్టూ ఉన్న జిప్పు తీస్తే బియ్యం మూట పట్టేంత అవుతుంది. నెలల కష్టం, ఉన్నది అదొక్కటే.

బస్సు కిక్కిరిసి ఉంది. నా పక్కన, కిటికీ వైపు ఒక పెద్దావిడ తడిగుడ్డ కప్పిన బుట్టతో కూర్చుంది. ఊరికే ఉండలేక నేను జిప్పంతా లాగాను. కొత్త జిగురు వాసన గుప్పుమంది. మరుక్షణం ఆవిడ బ్యాగు లాక్కుని కిటికీలోంచి బయటికి తోసేసింది.

లేచి చూస్తే బ్యాగు గాల్లో వేలాడుతోంది. పట్టీ ఆవిడ పిడికిట్లో ఉంది.

"ఏంటమ్మా ఇది!"

"బుట్టలో పట్టుపురుగులుండాయప్పా. ఇప్పుడే రెండో జ్వరం లేసినాయి. ఈ వాసన తగిల్తే ఒగటీ బతకదు."

పురుగు పొర విడవడాన్ని అక్కడ జ్వరమంటారు.

"మూసేస్తానమ్మా, ఇవ్వండి."

"మూసినా వాసన యాడికి పోతాది?"

ఎదురుగా లారీ వచ్చినప్పుడల్లా నేను కళ్లు మూసుకున్నాను. ఆవిడ మాత్రం రెండో చేత్తో గుడ్డ సర్దుతూనే ఉంది. తను దిగాల్సిన ఊరు సాదలి రాగానే పట్టీ నాకందించింది.

"పట్టీ గట్టిగానే కుట్టినావప్పా. నేను దిగేదాకా లోపలికి తీయాకు."

ఆవిడ దిగిపోయింది. బస్సులో ఇంకెవరి బుట్టలో పురుగులున్నాయో తెలియక, బాగేపల్లి వచ్చేదాకా బ్యాగు పట్టుకున్న నా చెయ్యి కిటికీ బయటే ఉంది.