ఇంజన్ ఆపిన వాలు

నార్సింగిలో కిరాయికి ఉండే సాయిలుకు క్యాబు డ్రైవర్లలో పెద్ద పేరు. అదే రకం బండి, అదే రోడ్డు, అయినా లీటరు డీజిల్‌కు అతని బండి పోయినంత దూరం మరొకరిది పోదు. టైర్లు వేడెక్కకముందే పొద్దున్నే గాలి చూపిస్తాడు. తెల్లాపూర్ వైపు పోయొచ్చాడంటే ఎయిర్ ఫిల్టరు తీసి దులపందే చాయ్ కూడా తాగడు. అక్కడ లేస్తున్న అపార్టుమెంట్ల దుమ్మంతా దాన్లోనే చేరుతుందంటాడు. ఎర్రలైటు దూరాన కనబడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తాడు. భార్య కళ్యాణి పుట్టింటి నుంచి బియ్యం మూట తెచ్చిన రోజున, ఆ బరువుకు బండి డీజిల్ ఎక్కువ తాగుతుందని, డిక్కీలోంచి అది దిగేదాకా అతనికి ముద్ద దిగలేదు.

ఇవన్నీ మంచి అలవాట్లే. చెడ్డది ఒక్కటే. రింగురోడ్డు మీంచి కాలనీలోకి దిగే వాలు దగ్గరకు రాగానే ఇంజన్ బంద్ చేసేవాడు. బండి తనంతట తనే జారుకుంటూ పోయేది. పక్కన కూర్చున్న కళ్యాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

“పీనుగను మోసుకపోతున్నట్టుంది. జర ఇంజన్ చాలు చెయ్యయ్యా.”

“డీజిల్ తాగకుంట ఉరుకుతుంటే నీకేం నొప్పి?”

కళ్యాణి తమ్ముడు ప్రవీణ్ కొత్తగా ఒక ఆఫీసు బండికి డ్రైవరుగా కుదిరాడు. చాయ్ బండి దగ్గర అందరి ముందూ అడిగాడు. “నా బండేంది బావా, గింతగనం తాగుతది? గుట్టు చెప్పరాదు.”

సాయిలు మీసం తడుముకున్నాడు. “దిగుట్ల ఇంజనెందుకుర? బంద్ పెట్టు. వాలే గుంజుకపోతది.”

ఆనాటి నుంచి ప్రవీణ్ కూడా అంతే.

వాన కురిసిన ఒక ఉదయం సాయిలు ఖాళీ బండితో దిగుతుంటే పక్క గల్లీలోంచి నీళ్ల ట్యాంకరు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాడు. మళ్లీ తొక్కాడు. ఆ తర్వాత పెడల్ బండరాయి అయిపోయింది. ఇంజన్ ఆగితే బ్రేకుకు ఆసరా పోతుందనీ, మొదటి తొక్కులకే మిగిలిన బలం చెల్లిపోతుందనీ అప్పుడు తెలిసింది. హ్యాండ్‌బ్రేకు రెండు చేతులా లాగితే, బండి పక్కకు జారి ట్యాంకరుకు జానెడు దూరంలో ఆగింది.

“నిద్ర పట్టిందా అన్నా?” అని ట్యాంకరతను నవ్వి వెళ్లిపోయాడు.

చాయ్ బండి దగ్గర ప్రవీణ్ ఎదురొచ్చాడు. “బావా, నీ మైలేజీ దాటిన, తెల్సా?”

అందరూ సాయిలు వంక చూశారు. ఇంజన్ ఆపొద్దురా అనే మాట నోటిదాకా వచ్చింది. నేర్పిన గురువే జడుసుకున్నాడని వీళ్లు ఏడాది పొడుగునా ఆడిపోసుకుంటారు. “గప్పుడే ఏమైందిర, చూద్దాం పో,” అన్నాడు. ఒంటరిగా దొరికినప్పుడు చెబుదామనుకున్నాడు. దొరికినప్పుడు టైర్ల గాలి సంగతి అడిగి ఊరుకున్నాడు. తను మాత్రం ఆ వాలు మీద మళ్లీ ఇంజన్ ఆపలేదు.

ఒక సాయంత్రం సాయిలు వాలు కింద బండి ఆపి అద్దం తుడుస్తున్నాడు. పైనుంచి ప్రవీణ్ బండి వస్తోంది. టైర్ల కింద ఇసుక నలిగిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. సాయిలు రోడ్డు మీదికొచ్చి రెండు చేతులూ ఊపాడు. బావ తనను మెచ్చుకుంటున్నాడనుకుని, ప్రవీణ్ కిటికీలోంచి చెయ్యి చాపి ఏదో ఆడించి చూపించాడు.

తాళంచెవి. ఇంజన్ నిజంగానే ఆపానని బావకు రుజువు.

చెవి ఊడబీకిన బండి స్టీరింగ్ కొంచెం తిప్పితే చాలు, బిగుసుకుపోతుంది. ముందు రోడ్డేమో ఎడమకు మలుపు.

“చెవి పెట్టుర, లోపల పెట్టు,” అని సాయిలు అరుస్తూనే ఉన్నాడు. బండి తిరగలేదు. కాంపౌండు గోడలోకి నేరుగా వెళ్లిపోయింది.

దవాఖానలో తమ్ముణ్ని లోపలికి తీసుకుపోయిన తలుపు వంకే చూస్తూ కళ్యాణి కూర్చుంది. “బండి నడుస్తుండంగ చెవి గుంజుడేంది? ఇంజన్ బంద్ పెట్టుమని ఎవడు నేర్పిండు వానికి? వాని చేతులు పడిపోను.”

“నేనే,” అన్నాడు సాయిలు. “అది పానం తీస్తదని నాకు ముందే ఎరుక. చెప్పలే.”

కళ్యాణి అతని వంక తిరగలేదు. కుర్చీ మాత్రం దూరం జరుపుకుంది.