ఈరన్న కుడికాలు ఆగిన చోట

నిన్న ఆదోనిలో మా స్కానింగ్ గదిలోకి కడుపునొప్పితో ఒకామె వచ్చింది. ఊరు ఎమ్మిగనూరు. చీర కొంగు నుంచి నూలుకు పట్టించే గంజి వాసన. ఏసీ చలిలో ఆ వాసన తగలగానే నాకు హుసేనప్ప సారు గుర్తొచ్చారు.

ఆస్పరి నుంచి ఈ ఆస్పత్రికి కొత్త రేడియాలజిస్టుగా వచ్చిన నాకు మొదటి పెద్ద డాక్టరు ఆయనే. మనిషిని చూడకుండా స్కాన్ బొమ్మ చూసేవారు కాదు. కూలిపనికి పోయేవాళ్లను వంగి కలుపు తీసినట్టు చూపించమనేవారు, హమాలీని మూట ఎత్తినట్టు చూపించమనేవారు. సారు నాటకం వేయిస్తున్నారని నర్సులు నవ్వుకునేవాళ్లు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వేవారు, అలవాటు మాత్రం మానలేదు. నాకైతే అది వట్టి చాదస్తంగా తోచేది.

రెండు రకాల శక్తితో ఎక్స్‌రేలు పంపే కొత్త సీటీ మిషను వచ్చిన కొద్దిరోజులకు ఈరన్న అనే నేతగాడు కడుపు పట్టుకుని వచ్చాడు. మావైపు ఇరవై నాలుగు గంటల నొప్పి అంటారే, అపెండిక్స్ నొప్పి, అదేమోనని అనుమానం.

"సూది ఏసి పంపియ్యండి సార్. మగ్గం మీద పడుగుండాది, నేత ఆగిపోతాది," అన్నాడు.

"పంపిస్తాలేప్పా. ఈడ కూర్చోని మగ్గం తొక్కినట్టు తొక్కు, సూస్తాం," అన్నారు సారు.

బల్ల అంచున కూర్చుని, మగ్గం గుంటలో కాలికింది కర్రలు తొక్కినట్టు ఈరన్న కాళ్లు ఆడించాడు. ఎడమకాలు బాగానే ఆడింది. కుడికాలు కిందికి చాపబోయి సగంలో ఆగింది. ముఖం ముడుచుకుపోయింది.

స్కాన్ అయ్యాక సారు తన కుర్చీ నాకిచ్చి పక్కన నిలబడ్డారు. మామూలు బొమ్మలో వాపు పెద్దగా లేదు. సర్జన్ అది చూసి, రేపటిదాకా మందులతో ఆగుదామన్నారు. ఈరన్నకూ కావలసింది అదే. కానీ ఆ మిషను ఇంకో బొమ్మ ఇస్తుంది. నరంలోకి ఎక్కించిన అయోడిన్ మందు రక్తంతోపాటు ఎక్కడెక్కడికి చేరిందో రంగులో చూపిస్తుంది. అందులో అపెండిక్స్ పొడవునా రంగుంది, కొసన మాత్రం నల్లగా ఉంది. రక్తం అందక ఆ కొస చచ్చిపోతున్నట్టు. అది పగిలితే చీము కడుపంతా పాకుతుంది, మనిషి దక్కడం కష్టం. అయితే పక్క పేగులో గాలి ఉంటే మిషను మోసం చేయగలదు. నా మాట నమ్మి కడుపు కోశాక లోపల ఏమీ లేకపోతే? సారు వైపు తిరిగాను.

"నల్లగా కనపడుతోంది సార్. నిజమో కాదో తెలియడంలేదు."

"ఆ కొస యాడుందో సూడు. ఈరన్న కాలు యాడ ఆగినాదో గుర్తు తెచ్చుకో."

మళ్లీ చూశాను. అపెండిక్స్ పేగు వెనక్కి తిరిగి, తొడను కదిపే కండరం మీద వాలి ఉంది. నల్లబడిన కొస సరిగ్గా అక్కడే ఆనుకుంది. కర్ర తొక్కబోయి కాలు చాపితే నొప్పి పుట్టేది అక్కడే. నా భయం సగం తగ్గింది.

"ఈరోజే తియ్యాలి సార్," అన్నాను.

ఆయన వెంటనే సర్జన్‌కు ఫోన్ చేశారు. "మా డాక్టరమ్మ సూసినాది. ఈ పొద్దే తియ్యాలంటాంది. నా మాట కాదు, ఆమె మాట," అని ఫోన్ నా చేతిలో పెట్టారు.

ఆపరేషన్‌లో కొస నల్లగా మెత్తబడి, పగలడానికి సిద్ధంగా ఉందట. ఈరన్న బతికాడు. మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు అడగకముందే బల్ల మీద కూర్చుని రెండు కాళ్లూ ఆడించి చూపించాడు. ఆ రోజు నర్సులు కూడా చప్పట్లు కొట్టారు. అంత పేరు తన ఖాతాలో వేసుకోగలిగి కూడా నాకు వదిలేసిన మనిషి దగ్గర పని నేర్చుకున్నానని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను. సారు పోయి చాలాకాలమైంది. ఆ చాదస్తం నాకు అంటుకుంది.

నిన్న వచ్చినామె చేత కూడా మగ్గం తొక్కించాను. రెండు కాళ్లూ ఆగకుండా ఆడాయి. మా జూనియర్ డాక్టరు బొమ్మలు రెండుసార్లు చూశాడు.

"అపెండిక్స్ బాగానే ఉంది మేడమ్. అంతటా రక్తం అందుతోంది. కోయాల్సిన పని లేదనిపిస్తోంది. కానీ సర్జన్‌గారితో మీరు చెబితేనే బాగుంటుంది."

నేనూ చూశాను. అతను చెప్పింది సరిగ్గానే ఉంది. సర్జన్‌కు ఫోన్ కలిపాను.

"మా డాక్టరు సూసినాడు. నా మాట కాదు, ఆయన మాట," అని ఫోన్ అతని చేతిలో పెట్టాను.